తుపాకీకి పెట్టిన బొట్టు

అక్టోబర్ 1, బుధవారం. జహ్రా, కువైట్

ఆయుధ పూజ. నా గదిలో ఆయుధాలంటే ఇస్త్రీపెట్టె, కత్తెర, మామాకి, అంటే నేను పనిచేసే ఈ ఇంటి పెద్దావిడకి, షుగర్ చూసే మిషన్, నా ఫోన్. అన్నిటికీ బొట్టు పెట్టాను. రాయచోటిలో ఎకనామిక్స్ లెక్చరర్‌గా ఉన్నప్పుడు డస్టర్‌కి పెట్టేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు.

తర్వాత ఇంకో పని చేశాను. చేయొచ్చో లేదో ఇప్పటికీ తెలీదు. బాబా తుపాకీకి కూడా పెట్టాను.

బాబా ఈ ఇంటి పెద్దాయన. మార్చిలో పోయారు. కుడిచేయి, కుడికాలు పడిపోయాక రెండేళ్ళు ఆయన్ని చూసుకున్నది నేనే. ప్రతి గురువారం సాయంత్రం తన వేట తుపాకీ పెట్టె తెప్పించుకునేవారు. జంట గొట్టాలది, పాతది. ఆయన చేయి లేవదు కాబట్టి నాకు తుడవడం నేర్పారు. ముందు తుపాకీని కీలు దగ్గర విరిచి గొట్టాల్లోంచి వెలుతురు చూడాలి. ఖాళీ అని కంటికి నమ్మకం కుదిరాకే మిగతాది. నీళ్ళు తగలకూడదు. నూనె, మెత్తటి గుడ్డ, అంతే. పని అయ్యాక ఎడమచేత్తో నా తలమీద ఒకసారి తట్టేవారు. మా ఊరి కాలేజీలో పన్నెండేళ్ళు పాఠం చెప్పాను. ఏ ప్రిన్సిపాలూ అట్లా తట్టలేదు.

ఆయన పోయాక పెట్టె ఎవరూ తీయలేదు. దుమ్ము దులుపుతానని ఇవాళ మామాని తాళంచెవి అడిగాను. అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

నీళ్ళు తగలకూడదు కదా, కుంకుమని కొబ్బరినూనెలో తడిపాను. తుపాకీకి ఒక పక్క ఉక్కు మీద ఎగిరే పిట్ట బొమ్మ చెక్కి ఉంటుంది. దాని రెక్క దగ్గర ఉంగరపు వేలితో పెట్టి, దండం పెట్టుకుని, వెంటనే తుడిచేశాను. బాబాకి థాంక్స్ చెప్పినట్టు అనిపించింది. భక్తో, అలవాటో, ఒంటరితనమో. మూడూ కావచ్చు.


అక్టోబర్ 9, గురువారం

పెద్దకొడుకు బు ఫహద్ పక్కింటి నుంచి వచ్చాడు. తుపాకీ లైసెన్స్ బాబా పేరు మీద ఉంది. ఇంట్లో ఎవరో ఒకరి పేరుకి మార్చుకోవాలి, లేదంటే లైసెన్సున్న అంగడికి ఇచ్చేయాలి అన్నాడు. తనకి వేట ఇష్టం లేదు. ఒక అంగడికి ఫోన్ చేస్తే చూడకుండానే వంద దినార్లు అన్నారట. ఇచ్చేస్తా, ఖలాస్ అన్నాడు.

మామా ఒప్పుకోలేదు. గోడ బయట వీధిలోకి చల్లనీళ్ళ కూలర్ పెట్టాలని ఆమె కోరిక, బాబా పేరు మీద. దారినపోయే డ్రైవర్లు, డెలివరీ వాళ్ళు, చెత్త బండి వాళ్ళు, ఎవరైనా తాగొచ్చు. ఫిల్టర్, పైపు, బిగింపు అన్నీ కలిపి మూడు వందల నలభై చెప్పారు. అంతేనా, నేను పెడతా అన్నాడు కొడుకు. నువ్వు పెడితే అది నీ పుణ్యం, ఆయన చేతిలో తిరిగిన వస్తువే నీళ్ళు కావాలి, దాని అసలు వెల రావాలి, నేనే పోతా బేరానికి అంది మామా.

ఆమెకి రెండు కళ్ళలోనూ శుక్లం. మసకగా తప్ప కనపడదు. లతా నా కన్ను అంది నా చేయి పట్టుకుని. నాకు సంతోషం వేసింది. వెంటనే భయం కూడా వేసింది, ఎందుకో తెలీదు.

పేపర్లు కొడుకు చేయించాలి, పెట్టె మోసేదీ అతనే. బేరం మామాది. పెట్టె మాత్రం తన ఇంట్లో తాళం వేసుకుంటానని తీసుకుపోయాడు.


అక్టోబర్ 14, మంగళవారం

మొదటి అంగడి. నగరంలో. పేరు రాయను.

గోడ నిండా తుపాకులు. ఒక్కదానికీ ధర చీటీ లేదు. కౌంటర్ వెనక మనిషి మమ్మల్ని చూసి మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు. బు ఫహద్ సలాం చెప్పాక తలెత్తాడు. మామాకి కుర్చీ వెయ్యలేదు. మోకాళ్ళ నొప్పితో నిలబడలేక ఆమె నా మీద వాలింది. అప్పుడు మా డ్రైవర్ గౌస్ బయటికి పోయి డిక్కీలోంచి ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి వేశాడు. వాళ్ళ అంగడిలో మన స్టూలు చూడు టీచరక్కా, బాడుగ అడుగుతారేమో అన్నాడు నా చెవిలో. గౌస్‌ది కడప. ఈ మనిషికి ఎన్ని సార్లు రుణపడ్డానో.

మా దానిలాంటిదే ఒకటి గోడ మీద కనపడితే ఎంత అని అడిగాను. నీకెందుకు అన్నాడు. నిజమే, నాకెందుకు. కానీ అక్కడున్న గంటసేపట్లో ఇద్దరు దాన్నే అడిగారు. మొదటాయన బాగా తెలిసినవాడిలా ఉన్నాడు, అతనికి తొమ్మిది వందలు. రెండోవాడు కుర్రవాడు, ఖరీదైన గడియారం. వాడికి పదకొండు వందల యాభై. ఆ ధర ఇప్పుడే, గడప దాటితే మారుతుంది అని కూడా చెప్పాడు. ప్రైస్ డిస్క్రిమినేషన్ గురించి ప్రతి ఏడూ బోర్డు మీద డయాగ్రమ్ గీసేదాన్ని. కళ్ళారా చూడటం ఇదే.

మా వంతు వచ్చింది. నోటితో చెప్పడు, కాల్క్యులేటర్ మీద కొట్టి బు ఫహద్‌కి చూపిస్తాడు. నేను చదివి మామా చెవిలో వేస్తాను. నూట పది. ఎందుకంత తక్కువ అని మామా అడిగింది. భూతద్దం తీసి పిట్ట రెక్క మీద పెట్టాడు. తుప్పు అన్నాడు. బయట ఇంత ఉంటే లోపల ఎంతుంటుందో అన్నాడు.

మామా ముఖం పాలిపోయింది. ఆయన వస్తువుకి తుప్పా అని మూడుసార్లు అంది. పెట్టె మూయించి వచ్చేశాం. మంచినీళ్ళు కూడా అడగబుద్ధి కాలేదు.


అక్టోబర్ 15, పొద్దున ఆరు

అది తుప్పు కాదు.

చాయ్ కాచుకుంటూ ఉంటే తట్టింది. అతను భూతద్దం పెట్టిన చోటే నేను ఉంగరపు వేలితో బొట్టు పెట్టింది. పైపైన తుడిచానే తప్ప చెక్కిన గీతల్లోంచి పోలేదు. నూనెలో తడిసిన కుంకుమ రెండు వారాల్లో ఆరిపోయి అచ్చం తుప్పు రంగు తేలింది.

అతనికి తెలుసా? గోటితో గీకి కూడా చూడలేదు. రోజూ తుపాకులు పట్టే మనిషికి తుప్పేదో తెలీదా? తెలిసే అన్నాడా? ఏమో. అతన్ని అనేముందు నన్ను నేను అనుకోవాలి. తప్పు నాదే కదా, మొదట.


అక్టోబర్ 16

చెప్పలేదు.


అక్టోబర్ 18, శనివారం

సబా అల్ సలేంలో పనిచేసే రెడ్డెమ్మకి ఫోన్ చేశాను. మా మండలమే. ఆమెకి తప్ప ఇంకెవరికి చెప్పను?

మొదట ఐదు నిమిషాలు తిట్టింది. నీకేమన్నా తిక్క పట్టిందా లతా, ఇస్త్రీపెట్టెకు పెట్టినావు సరే, ముస్లింల ఇంట్లో సచ్చిపోయిన ముసలాయన తుపాకీకి బొట్టు పెడ్తారా ఎవురన్నా, ఇంతా సదివి ఏం నేర్చుకున్యావు అంది. చదువులో ఇది లేదు రెడ్డెమ్మా అన్నాను. దానికి ఆమె నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది, నిమ్మకాయ గూడా పెట్టినావా ఏంది? లేదన్నాను. బతికించినావు అంది.

ఆమె సలహా ఒకటే. నోరు మూసుకొని సందు చూసి తుడిచెయ్, ఒప్పుకున్యావో మూట కట్టుకోవాల్సిందే, తొమ్మిదేండ్లు గాలికి పోతాయి. నిజమే. నా కూతురు తిరుపతిలో నర్సింగ్ మూడో ఏడు. ఇంకో ఏడాదిన్నర ఈ ఇఖామా, ఇక్కడ ఉండే అనుమతి, నాకు కావాలి.

కానీ పెట్టె పక్కింట్లో తాళంలో ఉంది. సందు లేదు. ఉంటే చేసేదాన్నా? చేసేదాన్ని. ఇక్కడైనా నిజం రాసుకోవాలి.


అక్టోబర్ 20

దీపావళి. గదిలోనే ఒక ప్రమిద. పొగ అలారం మోగుతుందని ఐదు నిమిషాల్లో ఆర్పేశాను.


అక్టోబర్ 21, మంగళవారం

రెండో అంగడి. కారులో పెట్టె మామా ఒళ్ళో పెట్టుకుంది. చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులూ వేసి కూర్చుంది. నా బ్యాగులో తడి టిష్యూ పట్టుకుపోయాను. అది అట్లాగే తిరిగొచ్చింది.

ఇక్కడ పెట్టె తెరవకముందే ఆ తుప్పుదేనా అన్నాడు. అంగళ్ళవాళ్ళు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారట. తొంభై ఐదు అన్నాడు. మొదటివాడు ఏ ధర చెబితే అందరూ దానికన్నా కిందే చెబుతారు, పైకి ఎవడూ పోడు అని గౌస్ గొణిగాడు. దీనికీ పాఠంలో ఒక పేరుంది. పేరు తెలిసినంత మాత్రాన చేతికేమీ రాదు.

స్టూల్ ఇవాళ అడగకుండానే తెచ్చాడు గౌస్.

తిరిగొచ్చేటప్పుడు మామా పెట్టె మూత నిమురుతూ కూర్చుంది. నన్ను అనుమానిస్తుందనుకున్నాను. రెండేళ్ళు తుడిచింది నేనే కదా, సరిగా తుడవలేదంటుందని ఎదురుచూశాను. అట్లా అన్నా బాగుండేది. నా తప్పే లతా, ఆయన పోయాక పెట్టె వైపు చూడబుద్ధి కాలేదు, గాలి తగలక తుప్పు పట్టింది, ఆరు నెలలు కాపాడలేకపోయాను, అక్కడ ఆయనకి ఏం చెప్పను అంది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదేళ్ళలో ఇంత చిన్నదాన్ని ఎప్పుడూ అయిపోలేదు.


అక్టోబర్ 22

బు ఫహద్ చెప్పేశాడు. రేపు ఆఖరి అంగడి. ఎంతంటే అంతకి ఇచ్చేయాలి, పేపర్ల గడువు అయిపోతోంది. మామా సరే అంది. అలిసిపోయింది. కూలర్ మాట ఎత్తలేదు.

రేపు చెబుతాను. చెప్పగలనా?


అక్టోబర్ 23, గురువారం

గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తాను.

మూడో అంగడి పెద్దది. యజమానే కూర్చున్నాడు, తెల్లగడ్డం. పక్కన సోఫాలో ఇద్దరు పెద్దవయసు కువైటీలు చాయ్ తాగుతున్నారు, పాత గిరాకీలు. మాకు చాయ్ లేదు. గౌస్ స్టూల్ ఉంది.

భూతద్దం. తుప్పు. తొంభై. తలాక్కూడా చెప్పనంత తొందరగా చెప్పాడు అన్నాడు గౌస్ తర్వాత.

మామా తల ఊపబోయింది. అప్పుడు నేను నోరు తెరిచాను. పనిమనిషి బేరంలో మాట్లాడకూడదు. తుప్పు లేకపోతే ఎంత ఇచ్చేవారు అని అడిగాను. క్లాసులో అడిగినట్టే వచ్చింది గొంతు. ఆయన నన్ను కాకుండా సోఫాలో వాళ్ళని చూసి నవ్వాడు. తుప్పు లేకపోతే నాలుగు వందలు లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి, ఇట్లాంటి పని ఇప్పుడెవరు చేస్తారు, ఏం లాభం, పాడు చేసుకున్నారు అన్నాడు. దయ ఉన్నవాడిలా మళ్ళీ ఒకసారి అన్నాడు, నాలుగు వందలు.

పెట్టెలో మూల గురువారం గుడ్డ అట్లాగే ఉంది. తీశాను. ముట్టుకోవద్దు అని యజమాని అరిచాడు. బు ఫహద్ లేచి నిలబడ్డాడు. నేను తుపాకీ అందుకుని ముందు విరిచాను. గొట్టాలు దీపం వైపు పెట్టి చూశాను. ఖాళీ. లోపల అద్దంలా ఉంది. యజమాని అరుపు ఆగిపోయింది. ఈ చెయ్యి నేర్చుకున్న చెయ్యి అని అతనికి అర్థమైందనుకుంటాను.

కౌంటర్ మీదున్న నూనె సీసాలోంచి రెండు చుక్కలు గుడ్డ మీద వేసి పిట్ట రెక్క రుద్దాను. ఎర్రగా వచ్చింది. మళ్ళీ రుద్దాను. గీతలు తెల్లగా మెరిశాయి.

ఇది తుప్పు కాదు మామా, నేను పెట్టింది, మా ఆడవాళ్ళు నుదుట పెట్టుకునే ఎరుపు, మా పండుగ రోజు పనిముట్లకి పెట్టి దండం పెడతాం, బాబా తుపాకీకి కూడా పెట్టాను, మిమ్మల్ని అడగలేదు, మీరు ఏడ్చినప్పుడు కూడా చెప్పలేదు అన్నాను. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. అయినా అందరికీ అర్థమైంది.

యజమాని తేరుకున్నాడు. అయినా పాతది కదా, నూట ఇరవై అన్నాడు. అప్పుడు సోఫాలో పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మా ముందు రెండుసార్లు అన్నావు, తుప్పు లేకపోతే నాలుగు వందలని, తుప్పేదీ, ఆ మాట నీదా ఈమెదా అన్నాడు. రెండో ఆయన గట్టిగా నవ్వాడు. యజమాని గడ్డం నిమురుకున్నాడు. కాల్క్యులేటర్ తీయలేదు. నోటితోనే చెప్పాడు, నాలుగు వందలు.

ఆ పెద్దాయన పేరు కూడా తెలీదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మామా సంతకం చేసింది. గుడ్డ నా చేతిలోంచి తీసుకుని తన సంచిలో వేసుకుంది. జహ్రా దాకా నా వైపు తిరగకుండా కిటికీకి ఆనుకుని కూర్చుంది.


అక్టోబర్ 24, శుక్రవారం, పొద్దున

బ్యాగ్ సర్దాను. చిన్నదే. బట్టలు, డైరీలు, కూతురి ఫోటో.

గౌస్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, పంపిస్తే పంపిస్తారులేక్కా, నువ్వు చేసింది మాత్రం మొగోళ్ళు గూడా చెయ్యరు, మా అమ్మ గూడా దర్గాకాడ తాళంచెవులు ఆనించి తెచ్చేది, ఏం తేడా ఉందిలే అన్నాడు. ఆ మాటకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి సరిపోయింది.

మామా గదిలోంచి రాలేదు. భోజనం పంపితే తిన్నది.


అక్టోబర్ 25, శనివారం

పిలిచింది. పక్క మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ గుడ్డ.

కింద కూర్చోబోతే మంచం మీద కూర్చోమంది. గుడ్డ నా ముక్కు దగ్గర పెట్టింది. నూనె వాసన. గురువారం వాసన. ఇది ఆయన వాసన, ఇల్లంతా వెతికాను ఆరు నెలలు, పెట్టెలో ఉందని తెలీలేదు అంది. ఎర్ర మరక చూపించి ఇది ఉతికితే పోతుందా అంది. పోతుందన్నాను. ఉతకొద్దు, వాసన కూడా పోతుంది అంది.

తర్వాత గొంతు మారింది. మా దగ్గర అది తప్పు, తెలుసా అంది. తెలుసన్నాను. నా ఇంటి వస్తువులకి మళ్ళీ చెయ్యొద్దు అంది. చెయ్యనన్నాను. నీ గదిలో నీ కత్తెరకి నువ్వేం పెట్టుకున్నా నాకు కనపడదు, నాకసలు కళ్ళు లేవు కదా అంది. నవ్వుతోందని ఒక క్షణం తర్వాత తెలిసింది.

నన్ను ఏడవనిచ్చావు లతా, అందుకు మాత్రం నిన్న రోజంతా నీ మీద కోపంగా ఉన్నాను అని కూడా అంది. ఆ కోపం న్యాయమే.

లేచి వస్తుంటే ఎడమచేత్తో నా తలమీద తట్టింది. ఆమెది కుడిచేతివాటం. ఎడమచేత్తో ఎందుకో నాకు తెలుసు.

బ్యాగ్ విప్పేశాను. డైరీలు పైన పెట్టాను.


నవంబర్ 6, గురువారం

కూలర్ వాళ్ళు వచ్చి బిగించారు. స్టీల్‌ది, నాలుగు కొళాయిలు. బాబా పేరుతో చిన్న రేకు. మిగిలిన అరవైతో ఫిల్టర్లు కొని పెట్టమంది మామా. ఫిల్టర్ మార్చడం నా పని.

మొదటి గ్లాసు గౌస్‌కి ఇప్పించింది. స్టూల్ బాడుగ అంది. అతను నిలబడే మూడు గ్లాసులు తాగాడు.

రెడ్డెమ్మకి ఫోటో పంపాను. కూలర్‌కి బొట్టు పెట్టినావా అని వాయిస్ మెసేజ్. లేదు తల్లీ, లేదు.

కొత్త వస్తువుని బొట్టు పెట్టకుండా ఎవరైనా వాడటం మొదలుపెడతారా అని నాకూ ఒక క్షణం అనిపించింది. సాయంత్రానికి చెత్త బండి ఆగింది. ముగ్గురు దిగారు.


నవంబర్ 20

కొళాయిల కింద ట్రేలో కారిన నీళ్ళు తాగడానికి గువ్వలు వస్తున్నాయి. ఎన్ని అని మామా అడిగింది. ఐదు అన్నాను. ఆయన గురి తప్పినవి అంది.